మక్కా మసీదు గురించి రాసేటప్పుడు ‘తోరణం’ అనొచ్చా?

ప్రశ్న: హైదరాబాదు మక్కా మసీదు ముందువైపు వరుసగా ఉన్న ఐదింటిని తోరణాలు అనాలా, కమానులు అనాలా? లోపలి పడమటి గోడలోని మిహ్రాబును ‘గూడు’ అంటే సరిపోతుందా?

జవాబు: కమానులనే రాయండి. ఏది అచ్చ తెలుగు, ఏది పారసీ అన్న లెక్క ఇక్కడ పనికిరాదు, కట్టే తీరే వేరు. ఓరుగల్లు కోటలో కాకతీయుల కీర్తి తోరణాలు చూడండి. స్తంభాలు, వాటి మీద అడ్డదూలాలు. బరువు దూలం మీద పడి, స్తంభం గుండా నిలువుగా నేలలోకి దిగుతుంది. కమానులో రాళ్లను పైన వెడల్పుగా, కింద సన్నగా చెక్కుతారు. అవి ఒకదాన్నొకటి అదుముకుని నిలుస్తాయి, బరువు రెండు పక్కలకూ తోస్తుంది. ముందు సెంట్రింగు, అంటే తాత్కాలిక ఆధారపు చట్రం, నిలబెట్టి, రెండు మొదళ్ల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తి రాయి బిగించాకే దాన్ని తీస్తారు. ముందే తీస్తే అంతా కూలుతుంది. పక్కతోపును ఆపే దన్ను చాలకపోతే మొదట పగిలేది నడినెత్తిన, లోపలివైపు. వరుస కమానుల్లో ఒకదాని తోపును పక్కది కాస్తుంది. చివరి కమానుకు మాత్రం దన్నుగా బరువైన కట్టడం కావాలి. మక్కా మసీదులో ఆ చివర్లలోనే మినార్లు ఉన్నాయి. పారసీలో కమాన్ అంటే విల్లు. వంపూ, బిగువూ రెండూ ఆ మాటలోనే ఉన్నాయి, ఎందుకు వదులుకోవాలి?

మరో జవాబు: ‘గూడు’ ఆకారాన్ని చెబుతుంది, పనిని చెప్పదు. మిహ్రాబు ఖిబ్లాను, అంటే నమాజులో ముఖం తిప్పాల్సిన దిక్కును చూపేది. హైదరాబాదు నుంచి మక్కా పడమటికి, సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. అందుకే హాలుకి మూడు వైపులా ఐదేసి కమానులు, పడమట మిహ్రాబు గోడ. మొదటిసారి ‘మిహ్రాబు, అంటే ఇమాము ఎదురుగా నిలబడే గూడు’ అని రాసి, తర్వాత మిహ్రాబు అనే వాడండి. ‘గర్భగుడి’ మాత్రం వద్దు. అక్కడ మూర్తి లేదు, ఆ గూటికి ఎవరూ మొక్కరు. 17వ శతాబ్దంలో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ మసీదును ఏకంగా ‘పగోడా’, అంటే గుడి, అన్నాడు. కానీ మిహ్రాబు సంగతి అతని రాతలోనే గొప్పగా ఉంది: అదంతా ఒకే బండ, దాన్ని గనిలోంచి తొలిచి తీయడానికి ఐదేళ్లపాటు 500, 600 మంది పనిచేశారు, లాగడానికి 1,400 ఎద్దులు కావలసి వచ్చాయని తనకు చెప్పారట.

ఇంకొకరు: క్రియల దగ్గరా జాగ్రత్త. ‘ఔరంగజేబు కట్టించాడు’ అన్నా, ‘కుతుబ్‌షాహీలు కట్టించారు’ అని ఆపేసినా సగమే చెప్పినట్టు. సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా 1617 ప్రాంతంలో మొదలుపెట్టించాడు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. 1694 నాటికి ఔరంగజేబు పూర్తి చేయించాడు. ప్రాంగణంలోని ఆసఫ్‌జాహీల సమాధులు ఆ తర్వాతివి, వాటిని అసలు నమూనాలో కలపకండి. హాలు కొలతలు ఇస్తే మంచిది: సుమారు 67 మీటర్ల పొడవు, 54 వెడల్పు, 23 ఎత్తు. ‘విశాలమైన’ అన్న విశేషణం కంటే ఇవే ఎక్కువ చెబుతాయి.

మొదటి జవాబిచ్చినవారే: ‘గచ్చు’, అంటే సున్నపు పూతతో చేసే అలంకారం, గురించి ఒక మాట. చార్మినార్ అలంకారమంతా గచ్చు పనే, మక్కా మసీదు మాత్రం నల్లరాతిది. చార్మినార్ వర్ణనను ఇక్కడికి దించేస్తే తప్పు. పైకప్పు మరమ్మతు గురించి రాస్తే డంగు సున్నం, అంటే ఇసుకతో కలిపి గానుగలో రుబ్బిన సున్నం, పేరు తప్పక రావాలి. పాత సున్నపు కప్పు మీద సిమెంటు పూస్తే చెమ్మ పైకి ఆరే దారి మూసుకుపోతుంది. బీటల్లో దిగిన వాన కింద సున్నంలోనే నిలిచి, లోపలి గుమ్మటాల్లోకి ఊరుతుంది. బీటలో రావి మొలిస్తే పైన కొమ్మ నరికి లాభం లేదు, వేరు తీసి ఆ సందును సున్నంతోనే పూడ్చాలి.