ప్రార్థనలో ‘కనిపెట్టడం’ అంటే ఏమిటి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను క్రైస్తవుణ్ణి కాను. పక్క వాటాలో ఉండేవాళ్లు పిలిస్తే వాళ్లింట్లో ప్రార్థన కూడికకు వెళ్లాను. చివర్లో పాస్టరుగారు “పొద్దున్నే ఫోను ముట్టుకోకముందే కాసేపు దేవుని సన్నిధిలో కనిపెట్టండి” అన్నారు. నాకు తెలిసి గ్రాహంబెల్ టెలిఫోను కనిపెట్టాడు, పోలీసులు దొంగను కనిపెడతారు. దేవుని సన్నిధిలో ఏం కనిపెడతారు? ఇది అనువాదంలో వచ్చిన తేడానా, పాత తెలుగేనా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు:
తేడా ఏమీ కాదండీ, అచ్చమైన తెలుగే. మీ ఇంట్లోనూ ఈ మాట ఉండే ఉంటుంది. “పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టుకుని ఉండు”, “నేనొచ్చేదాకా పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండు” అంటాం కదా. అక్కడ ఎవరూ కొత్తగా దేన్నీ కనుక్కోవడం లేదు. చూపు తిప్పకుండా, మనసు పక్కకు పోనివ్వకుండా దగ్గర ఉండడమే కనిపెట్టుకుని ఉండడం. అలా చూస్తూ కూర్చున్నవాడికే దాగి ఉన్నది బయటపడుతుంది కాబట్టి కనుక్కోవడం అనే అర్థం కూడా ఇందులోంచే వచ్చి ఉంటుందని నా ఊహ. బడి పుస్తకాల్లో ఏది ఎవరు కనిపెట్టారో బట్టీ పట్టి పట్టి మనకు ఆ అర్థమే ముందు తడుతుంది. చర్చిలో మాత్రం చూస్తూ ఉండడం అనే అర్థం రోజూ నోట్లో నానుతూనే ఉంది.

దీనికి ఆధారం బైబిల్లోని 130వ కీర్తన. “కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది” అని ఆరో వచనం. ఆ కావలివాళ్ల పరిస్థితి ఒకసారి ఆలోచించండి. తెల్లవారడం వాళ్ల చేతిలో లేదు. తొందరపడితే పొద్దు ముందు పొడవదు. అలాగని కునుకు తీయడానికీ లేదు. కానీ తెల్లవారుతుందా లేదా అన్న అనుమానం మాత్రం ఏ కావలివాడికీ ఉండదు. ఇవన్నీ కలిసిన స్థితికి ‘ఆగడం’ సరిపోదు, ‘ఎదురుచూడడం’ కూడా పూర్తిగా సరిపోదు.

కీర్తనలు మొదట రాసింది హీబ్రూ భాషలో. ఆ మూలంలో ఇంకో విశేషం ఉంది. ఐదో వచనంలో ‘ఖావా’ అనే హీబ్రూ క్రియ ఉంది, కనిపెట్టడం అని తెలుగు చేసింది దాన్నే. ఆరో వచనంలో అసలు క్రియే లేదు! “నా ప్రాణం ప్రభువు కోసం, ఉదయం కోసం కావలివాళ్ల కంటే, ఉదయం కోసం కావలివాళ్లు” అంతే. ఒకే మాట రెండుసార్లు అని ఆపేస్తాడు కవి. తెలుగులో క్రియ లేకపోతే అర్థం అందదు కాబట్టి అనువాదకులు పై వచనంలోని ‘కనిపెట్టు’నే తెచ్చి ఇక్కడా వేశారు. చదువుతుంటే ఆ మాట మళ్లీ మళ్లీ తగులుతుంది. తెలుగు క్రైస్తవుల నోట ఈ మాట ఇంతగా స్థిరపడడంలో ఈ ఒక్క వచనం పాత్ర చాలా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

మరొకరు:
నమస్తే మాస్టారూ. అపొస్తలుల కార్యములు 1:4 కూడా చేర్చండి. “తండ్రియొక్క వాగ్దానముకొరకు కనిపెట్టుడి” అని యేసు శిష్యులతో చెప్పిన మాట. మా సంఘంలో ‘కనిపెట్టు ప్రార్థన’ అనే పేరు దాన్నుంచే వచ్చిందంటారు. ఒక సందేహం. యెషయా 40:31లో “యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు” అని ఉంది కదా, అక్కడ మాట ఎందుకు మారింది?

జవాబు:
మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. హీబ్రూలో రెండు చోట్లా ‘ఖావా’యే, తెలుగులోనే వేర్వేరు మాటలు పడ్డాయి. కానీ ఇప్పటి వాడుకలో ఈ రెంటికీ తేడా ఉంది. అది విభక్తి దగ్గర పట్టుబడుతుంది. బైబిల్లో ‘యెహోవా కొరకు’ కనిపెట్టడం, ‘వాగ్దానము కొరకు’ కనిపెట్టడం. మన నోట్లో అది ‘సన్నిధిలో’ కనిపెట్టడం అయింది. ‘దేవుని సన్నిధిలో ఎదురుచూస్తున్నాను’ అని ఎవరైనా అంటారేమో గమనించు, దాదాపు అనరు. ఎదురుచూపులో అవతలి మనిషి ఇంకా రాలేదు. కనిపెట్టడంలో ఆయన ఎదుటే ఉన్నాం, చూపు ఆయన మీదే ఉంది. ‘కొరకు’ పోయి ‘లో’ వచ్చేసరికి రాకకోసం చూడడం కాస్తా ఉన్నవాడి దగ్గర ఉండడం అయింది. ఏ పండితుడూ కూర్చుని చేసిన మార్పు కాదిది. చీకటితో లేచి ప్రార్థన చేసుకునే మామూలు జనం నోట్లో జరిగింది. ఈ భాషకు వాళ్లిచ్చిన ఇంత చక్కటి సంగతిని మనం పట్టించుకోకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఈ ‘సన్నిధి’కి విత్తనం 5వ కీర్తన మూడో వచనంలో ఉంది. “ఉదయమున నా ప్రార్థన నీ సన్నిధిని సిద్ధముచేసి కాచియుందును.” హీబ్రూలో అక్కడ ఉన్నది ‘నీకు’ అన్నంత మాటే, ‘సన్నిధిని’ అన్నది తెలుగు చేసినవాళ్లు చేర్చుకున్నది. ఆ ‘సిద్ధముచేసి’ కూడా గమనించదగ్గదే. బలిపీఠం మీద కట్టెలు వరసగా పేర్చడానికి వాడే క్రియ అది. ప్రార్థనను కట్టెల్లా పేర్చి ఇక కాచుకుని చూడడం. ఆ ‘కాచియుందును’కు మూలమైన క్రియనే హబక్కూకు 2:1లో ‘కనిపెట్టు’ అని తెలుగు చేశారు. అక్కడ ప్రవక్త నిలబడేది కూడా కావలి స్థలం మీదే.

1938లో రాజమండ్రిలో మొదలైన బైబిలు మిషను వాళ్ల కూటాలకు వెళ్తే ఈ ‘సన్నిధి’, ‘కనిపెట్టడం’ రెండూ జంటగా వినిపిస్తాయి.

మరొకరు:
అన్నా, మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వాక్యం చదువుకున్నాక కళ్లజోడు తీసి పేజీల మధ్యనే పెట్టి, పుస్తకం ఒళ్లో మూసి, పెదవులు కూడా కదపకుండా కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు. తర్వాత అడిగితే “కనిపెడతన్నానే” అనేది, అంతే. నా అనుమానం ఏమిటంటే, దీన్ని ధ్యానం అంటే సరిపోదా? రెండూ ఒకటే కదా?

జవాబు:
ఒకటి కాదమ్మా. అమ్మమ్మగారు పెదవులు కదపలేదన్నావు చూడు, తేడా సరిగ్గా అక్కడే ఉంది. మొదటి కీర్తనలో “దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు” అన్నచోట హీబ్రూ క్రియ ‘హాగా’. దానికి నోరుంది. యెషయా 31:4లో సింహం వేటమీద నిలబడి గుర్రుమనేదీ, 38:14లో గువ్వ మూలిగేదీ ఇదే క్రియతో. అంటే ధర్మశాస్త్రాన్ని లోగొంతుకతో పదే పదే గొణుక్కుంటూ ఉండడం. మనకు ధ్యానం అనగానే కళ్లు మూసుకున్న మౌనం తోస్తుంది, అది సంస్కృతం నుంచి వచ్చిన అర్థచ్ఛాయ. బైబిలు ధ్యానంలో వాక్యం నోట్లో నలుగుతుంది. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం కనిపెట్టడం. అమ్మమ్మగారు ముందు చదివేటప్పుడు పైకే చదివేవారా? ఆ తరం చాలామంది అలాగే చదివేవారు.

46వ కీర్తనలోని “ఊరకుండుడి” కూడా దీనికి దగ్గరిదే అంటారు కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. అక్కడి హీబ్రూ క్రియకు పట్టు సడలించడం, చేతులు వదిలేయడం అని అర్థం. చుట్టూ సముద్రం ఘోషిస్తోంది, జనాలు అల్లరి చేస్తున్నారు, విల్లు విరుగుతోంది. ఆ రణగొణ మధ్య వినిపించే ఆజ్ఞ అది. పొద్దున్నే గదిలో కూర్చోవడానికి ఆ వాక్యాన్ని గోడకు తగిలించుకుంటే తప్పులేదు, కానీ అది మొదట అన్నది వేరే సందర్భంలో.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషం అండీ, ఇంత ఉందనుకోలేదు. ఇంకొక్కటి, భాష సంగతి కాదు. రోజూ చేసేవాళ్లు నిజంగా ఏం చేస్తారు? ఊరికే కూర్చుంటే నాకైతే ఆఫీసు టెన్షనే గుర్తొస్తుంది.

జవాబు:
అందరికీ గుర్తొస్తుందండీ. గ్యాస్ బుక్ చేయలేదని, పిల్లల ఫీజు కట్టాలని, నిన్న ఎవరో అన్న మాటని. నేను చేసేది చెబుతాను. చదివేది కొంచెమే, ఒక్కోసారి నాలుగు వచనాలు. పైకి చదువుతాను. అందులో ఏ మాట దగ్గర మనసు ఆగిందో దాన్ని రెండు మూడుసార్లు అనుకుంటాను. అడగవలసినవి అడుగుతాను. ఆ తర్వాత ఏమీ అడగకుండా కూర్చుంటాను. ఆలోచన పరుగెత్తిందని తెలియగానే ఆ మాటనే మళ్లీ ఒకసారి అనుకుని వెనక్కి వస్తాను. తిట్టుకోను. చాలా రోజులు ఏమీ జరిగినట్టు ఉండదు. అయినా కొన్నాళ్లకు ఇంట్లోవాళ్లతో మాట్లాడే తీరు మారుతుంది, కోపం రావడానికీ మాట జారడానికీ మధ్య కొంత జాగా ఏర్పడుతుంది. దేవుడికి దగ్గరవడం అంటే నాకు తెలిసినంతలో ఇలాగే తెలుస్తుంది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు “పెందలకడనే లేచి, యింకను చాలచీకటి యుండగానే” ఒంటరిచోటికి వెళ్లి ప్రార్థించాడని ఉంది. ముందు సాయంత్రం పట్టణమంతా ఆయన ఉన్న ఇంటి వాకిట్లో కూడింది, ఆయన ప్రార్థనకు వెళ్లాక శిష్యుడు సీమోనూ అతనితో ఉన్నవాళ్లూ వెతుక్కుంటూ వచ్చి అందరూ నీకోసం వెతుకుతున్నారని చెప్పారు. అంత పని మధ్య ఆయన తీసుకున్న సమయం అది.

‘పెందలకడ’ గురించి కూడా ఒక చర్చ పెట్టాలి, ఎవరైనా మొదలుపెడితే నేనూ వస్తాను. ఈలోగా తెలంగాణ సంఘాల్లో ఉన్నవాళ్లు ఒకటి చెప్పండి: మీ వైపు ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు కూడా ‘కనిపెట్టడం’ అనే అంటారా, లేక కూటంలో మాత్రమేనా? పెద్దవాళ్లు వాడే వేరే మాట ఏదైనా ఉంటే వాక్యంతో సహా రాయండి.