మువ్వ వెనుక కాలు ఎత్తి గెంతుతోంది, ఎక్స్‌రేలో ఏమీ లేదంటున్నారు

మువ్వ వాళ్ళ అమ్మ, సీతమ్మధార:
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం మూడింటి నుంచి రాత్రి పదిన్నర దాకా ఫోను పట్టుకొని వెతుకుతూనే ఉన్నాను. దొరికిన నాలుగు సమాధానాలూ నాలుగు రకాలుగా ఉండటంతో ఏం చేయాలో తోచక ఈ పెంపుడు జంతువుల గ్రూపులో రాస్తున్నాను, ఫోటో కూడా పెట్టాను. మా మువ్వ నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి వెనుక కాలు పైకి ముడుచుకొని నాలుగైదు అడుగులు గెంతుతుంది, ఒకసారి ఆ కాలు వెనక్కి విదిలిస్తుంది, ఆ తరువాత మళ్ళీ మామూలుగా పరుగెత్తుతుంది. అరవదు, మూలగదు, తిండి మానదు. నెల కిందట రోజుకు ఒకసారి కనిపించేది, ఈ వారం పూటకు రెండుసార్లు కనిపిస్తోంది. ఎక్స్‌రే తీయిస్తే ఎముకలన్నీ బాగున్నాయన్నారు. మా బాబు సోఫా మీది నుంచి దించుతుండగా చేయి జారి ఒకసారి కింద పడింది, అప్పుడే లోపల నరం పట్టేసి ఉంటుందని ఇంట్లో అందరం అనుకుంటున్నాం. వాణ్ణి గట్టిగా కోప్పడ్డాను కూడా. మా అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పికి వేసుకునే మాత్ర సగం వేయవచ్చా? దయచేసి ఎవరైనా వెంటనే చెప్పండి.

పెందుర్తి సభ్యుడు:
మాత్ర వేయకండి. మువ్వ కుక్కా, పిల్లియా? జాతి, వయసు, బరువు? ఏ కాలు? ఎక్స్‌రే ఏ కీలుకు తీశారు?

ల్యాబ్రడార్ల ఇల్లు, గాజువాక:
ఇలాంటి కేసుల్లో నూటికి తొంభై మంది చూడవలసిన చోట చూడరు. ముందు తుంటి కీలు చూపించండి. నేను పద్దెనిమిదేళ్ళుగా ల్యాబ్రడార్లను పెంచుతున్నాను, తుంటి గుంతలో తొడ ఎముక తల సరిగ్గా కుదురుకోక కీలు వదులై అరిగిపోయే హిప్ డిస్ప్లేషియా ఎంత బాధ పెడుతుందో మా ఇంట్లోనే చూశాను. మనవాళ్ళు పిల్ల బొద్దుగా ఉంటేనే ఆరోగ్యమని పెరుగన్నం, నెయ్యి, బిస్కెట్లు అడిగినప్పుడల్లా పెడతారు. 48 ల్యాబ్రడార్ పిల్లలను తోబుట్టువుల జంటలుగా విడదీసి, ఒకదానికి పెట్టినదానికంటే రెండోదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టి, చివరిదాకా గమనించిన ప్రసిద్ధమైన అధ్యయనం ఒకటి ఉంది. తక్కువ తిన్నవాటిలో కీళ్ళ అరుగుదల ఆలస్యంగా మొదలైంది, అవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. కాబట్టి మీరు ముందు గిన్నె సంగతి చూడండి, మందుల సంగతి తరువాత చూడవచ్చు.

మువ్వ వాళ్ళ అమ్మ, సీతమ్మధార:
క్షమించండి, ఫోటోలో కనిపిస్తోంది కదా అనుకొని రాయలేదు. పొమెరేనియన్ కుక్క, ఆడది. వచ్చే నెలకు ఏడాదిన్నర నిండుతుంది, బరువు మూడున్నర కిలోలు. ఎక్కువగా ఎడమ కాలే ఎత్తుతుంది. ఎక్స్‌రే మోకాలికే తీశారు, వెనక్కి వంగి కోణంలా ఉంటుందే, దానికి. నేనే వేలితో చూపించి తీయించాను.

పశువైద్య విద్యార్థిని, గరివిడి:
అమ్మా, వెనక్కి వంగి కనిపించేది కుక్క మోకాలు కాదు, అది మన మడమకు సమానమైన కీలు. అసలు మోకాలు అంతకంటే పైన, పొట్ట పక్కన ఉంటుంది, పొమెరేనియన్‌లో ఒత్తైన బొచ్చు వల్ల అది కంటికి ఆననే ఆనదు. అంటే మీరు తీయించిన ఎక్స్‌రే వేరే కీలుది.

నేను ఇంకా చదువుతున్నదాన్నే కాబట్టి ఇదే జబ్బని తేల్చి చెప్పను, కానీ మీరు వర్ణించిన ఆ నాలుగైదు అడుగుల గెంతు, ఆ విదిలింపు మోకాలి చిప్ప జారే కుక్కల్లో తరచుగా కనిపించే లక్షణాలు. తొడ ఎముక చివర ఒక గాడి ఉంటుంది, కాలు ముడిచి చాచినప్పుడల్లా చిప్ప ఆ గాడిలోనే పైకీ కిందికీ కదలాలి. చిన్న జాతుల్లో ఆ గాడి లోతు చాలక, కాలి ఎముకలు కొద్దిగా వంకర తిరిగి ఉండి, చిప్ప ఎక్కువగా లోపలి వైపుకు జారుతుంది. జారినప్పుడు కాలు పైకి లేస్తుంది, విదిలించినప్పుడు చిప్ప తిరిగి గాడిలో పడుతుంది, కుక్క మళ్ళీ పరుగెత్తుతుంది. చిప్ప గాడిలో ఉన్న క్షణంలో సరైన మోకాలికే ఎక్స్‌రే తీసినా అంతా బాగున్నట్టే కనిపించవచ్చు. దీన్ని ముఖ్యంగా చేత్తో పరీక్షించి పట్టుకోవాలి. మువ్వను పక్కకు పడుకోబెట్టి, తొడ ముందు వైపు బొటనవేలు మెల్లగా కిందికి జరుపుకుంటూ వస్తే చింతగింజంత గట్టి ఎముక ఒకటి తగులుతుంది, అదే చిప్ప. అది ఎక్కడుందో తెలుసుకోండి చాలు, పక్కకు నెట్టి చూడకండి, ఆ పని వైద్యులు చేస్తారు.

దీనికి నాలుగు గ్రేడులు ఉన్నాయి. నెడితే జారి, వదలగానే తిరిగి వస్తే ఒకటి. దానంతట అదే అప్పుడప్పుడూ జారి, కాలు చాచినప్పుడో చేత్తో సర్దినప్పుడో తిరిగి వస్తే రెండు. ఎక్కువ సేపు బయటే ఉండి, నెడితే లోపలికి వెళ్ళినా నిలవకపోతే మూడు. నెట్టినా లోపలికి వెళ్ళకపోతే నాలుగు. ఒకటికి సాధారణంగా ఆపరేషన్ అవసరం పడదు, మూడు, నాలుగులకు సాధారణంగా చేయమంటారు. రెండులోనే నిర్ణయం కష్టం, కుంటడం ఎంత తరచుగా ఉందో, రోజురోజుకూ పెరుగుతోందో లేదో చూసి తేల్చాలి. అందుకే మీరు రాసిన “ఈ వారం పూటకు రెండుసార్లు” అనే మాట తప్పకుండా వైద్యుడికి చెప్పండి, వీలైతే ఆ గెంతును వీడియో తీసి చూపించండి.

ల్యాబ్రడార్ల ఇల్లు, గాజువాక:
పుట్టుకతో వచ్చేదైతే రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడే కుంటేది కదా. ఏడాది దాటాక వచ్చిందంటే అది వంశపారంపర్యం కాదు, పడటమే కారణం. మాటలు సరిగ్గా వాడాలి.

పశువైద్య విద్యార్థిని, గరివిడి:
మాటలు సరిగ్గా వాడాలన్నది నిజమేనండీ, అందుకే ఆ రెంటినీ వేరుగా చూడాలంటాను. పుట్టుకతో రావడం వేరు, వంశంలో రావడం వేరు. మీరు చెప్పిన హిప్ డిస్ప్లేషియానే తీసుకోండి: పిల్ల పుట్టినప్పుడు తుంటి మామూలుగానే ఉంటుంది, పెరిగేకొద్దీ వదులవుతుంది, అయినా దాన్ని వంశపారంపర్యమనే అంటాం. చిప్ప విషయమూ చాలావరకు అంతే, తల్లిదండ్రుల నుంచి వచ్చేది ఎముకల అమరికలోని లోపం, అది బయటపడేది ఎదుగుదలలో. దెబ్బ వల్ల చిప్ప జారడం అసలే లేదనను, కానీ ఇంత చిన్న జాతిలో, ఏడుపూ వాపూ లేకుండా, నెల రోజులుగా మెల్లమెల్లగా పెరుగుతున్నప్పుడు ఆ నింద పిల్లవాడి మీద వేయడం న్యాయం కాదు.

పిల్లుల ఇల్లు, ఎం.వి.పి. కాలనీ:
పిల్లుల్లోనూ చిప్ప జారుతుంది, కాకపోతే అన్నీ పైకి కుంటవు, కొన్ని ఎగరడం మానేస్తాయి, అందుకే మనకు తెలియకపోవచ్చు. ఆ మాత్ర సంగతి నేనూ చెబుతున్నాను, మనుషుల నొప్పి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి, పిల్లికి పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. కీళ్ళ వారసత్వం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. ముడుచుకున్న చెవులు ముద్దుగా ఉన్నాయని స్కాటిష్ ఫోల్డ్ పిల్లలను వేలకు వేలు పోసి కొంటున్నారు. 1961లో స్కాట్లండ్‌లోని ఒక పొలంలో కనిపించిన సూసీ అనే పిల్లితో మొదలైన జాతి అది. చెవిని ముడిచే జన్యువే కీళ్ళలోని మృదులాస్థినీ పాడుచేస్తుంది. మా దగ్గరకు వచ్చిన ఒక పిల్లి తోక కర్రలా బిగుసుకుపోయి, పట్టుకుంటే విలవిల్లాడింది. దయచేసి కొనకండి.

పెందుర్తి సభ్యుడు:
ప్రశ్న కుక్క గురించి. మువ్వను జత కట్టించారా?

మువ్వ వాళ్ళ అమ్మ, సీతమ్మధార:
లేదండీ. ఈసారి ఎదకు వస్తే మర్రిపాలెంలో తెలిసినవాళ్ళ మగకుక్కతో కట్టిద్దామని మాట ఇచ్చాం. ఆ మగకుక్కా మువ్వా ఒకే తల్లి పిల్లలు, వేరు వేరు ఈతల్లో పుట్టాయి. దీనికీ కాలికీ సంబంధం ఉందని తెలియదు.

పెందుర్తి సభ్యుడు:
ఉంది. కట్టించకండి.

పశువైద్య విద్యార్థిని, గరివిడి:
పెందుర్తి వారి మాటే నాదీ. ఇది ఒక్క జన్యువుతో పోయేది కాదు, పైకి బాగా కనిపించే తోబుట్టువు కూడా దాన్ని మోస్తూ ఉండవచ్చు, అలాంటి రెంటిని కలిపితే పిల్లల్లో లోపం ఇంకా బలపడే అవకాశం ఎక్కువ. ఆ మగకుక్క మోకాళ్ళు కూడా ఒకసారి చూపించమని చెప్పండి. ఈలోగా మువ్వ తిరిగే చోట నున్నటి టైల్స్ మీద గోనె పట్టానో రబ్బరు మ్యాటో పరచండి, పాదాల కింద పెరిగిన బొచ్చు కత్తిరించండి, సోఫా ఎక్కనివ్వకండి. బీచ్ రోడ్డుకు తీసుకెళ్తే గట్టి దారి మీదే నడిపించండి, మెత్తని ఇసుకలో పరుగు వద్దు. ఆపరేషన్ అవసరమంటే గాడిని లోతు చేసి, చిప్పను లాగే కండర బంధం అంటుకునే ఎముక భాగాన్ని పక్కకు జరిపి బిగిస్తారు, తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాలు గెంతనివ్వకుండా కట్టడి చేయాలి. అంత సమయం ఇంట్లో ఎవరు ఇవ్వగలరో ముందే ఆలోచించుకోండి.

మువ్వ వాళ్ళ అమ్మ, సీతమ్మధార:
ఆలస్యానికి మన్నించండి. నిన్న వేరే వైద్యుడు చేత్తో పరీక్షించారు. ఎడమ కాలు రెండో గ్రేడు, కుడి కాలు ఒకటి. నెల రోజులు చూసి ఆపరేషన్ సంగతి చెబుతామన్నారు. మర్రిపాలెం వాళ్ళకు రెండుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. మా బాబుకు మాత్రం నీ తప్పేమీ లేదని చెప్పాను. అందరికీ ధన్యవాదాలు.