.308 బ్రాస్: నెక్ సైజింగ్ డై చాలదా, ఫుల్ లెంగ్త్ కొనాలా?

గోదారి308 (టెక్సస్)
.308 విన్‌చెస్టర్ బోల్ట్ రైఫిల్‌కీ ఏఆర్-10 (సెమీ ఆటోమేటిక్)కీ కలిపి ఒకటే బ్రాస్ (కాల్చాక మళ్లీ నింపి వాడే ఇత్తడి కేసులు) వాడుతున్నాను. చేతిలో ఉన్నది నెక్ సైజింగ్ డై (కాల్చిన కేస్ మెడని మళ్లీ కొలతకి నొక్కే అచ్చు). మూడోసారి కాల్చాక బోల్ట్ బిగుసుకుంటోంది, అవే తూటాలు ఏఆర్-10లో పూర్తిగా కూర్చోవట్లేదు. ఫుల్ లెంగ్త్ డై (కేస్ మొత్తాన్ని నొక్కేది) కొననా, బుషింగ్ డైనా (మెడ కొలతకి రింగు మార్చుకునేది), స్మాల్ బేస్ డైనా (అడుగు దగ్గర ఇంకాస్త ఎక్కువ నొక్కేది)? ఫుల్ లెంగ్త్ అయితే డై షెల్ హోల్డర్‌కి (ప్రెస్‌లో కేస్ అడుగుని పట్టే ముక్క) తగిలాక ఇంకో పావు చుట్టు బిగించమంటారు. అంతేనా?

బెంచి_బాబాయ్
ఫుల్ లెంగ్త్ కొనండి. నెక్ డై మెడని మాత్రమే నొక్కుతుంది. కేస్ ఒళ్లు, షోల్డర్ (మెడ కింది వాలు) ప్రతి కాల్పుకీ కాస్త కాస్త పెరిగి చివరికి ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) నిండిపోతుంది, బోల్ట్ బిగుసుకునేది అందుకే. ఏఆర్‌కైతే నెక్ సైజింగ్ అసలు వద్దు. బోల్ట్ పూర్తిగా లాక్ కాకుండా పేలితే ప్రాణం మీదికొస్తుంది. రెండు రైఫిళ్ల బ్రాస్ కూడా కలపకండి, ఏ రెండు ఛాంబర్లూ ఒకే కొలతలో ఉండవు.

పావు చుట్టు సలహా గుడ్డిగా పాటించకండి. షోల్డర్‌ని మీ ఛాంబర్‌కి అవసరమైన దానికంటే చాలా వెనక్కి తోసేయొచ్చు. అప్పుడు కాల్చిన ప్రతిసారీ కేస్ అడుగుకి కాస్త పైన సాగి, పలచబడి, ఆఖరికి అక్కడే తెగుతుంది.

ఇలా చేయండి. కాల్చిన కేసుల ప్రైమర్లు (అడుగున మందు అంటించే చిన్న మూతలు) తీసేసి, కాలిపర్‌కి కంపారేటర్ (షోల్డర్ మీద ఆనే కొలత ముక్క) తగిలించి అడుగు నుంచి షోల్డర్ దాకా కొలవండి. బోల్ట్‌కి బిగుసుకున్న కేసులే ఈ కొలతకి మంచివి, అవి ఛాంబర్‌ని నింపాయి. డైని షెల్ హోల్డర్‌కి తగిలేదాకా దించి, అర చుట్టు వెనక్కి తీసి, లూబ్ (కందెన) రాసిన కేస్‌ని నొక్కి కొలవండి. మొదట్లో కొలత తగ్గకపోగా పెరుగుతుంది. ఒళ్లు నలిగి షోల్డర్ ముందుకి పోవడమే దానికి కారణం, కంగారు పడొద్దు. డై మర అంగుళానికి 14 చుట్లు, అంటే ఒక చుట్టుకి 0.071 అంగుళం. 10 డిగ్రీలు తిప్పితే దాదాపు 0.002. అలా కొంచెం కొంచెంగా దించుతూ, బోల్ట్ రైఫిల్‌కి కాల్చిన కొలత కంటే 0.002, ఏఆర్‌కి 0.003 నుంచి 0.004 తగ్గగానే ఆపండి. కేస్ డైలో ఉండగానే లాక్ రింగ్ బిగించండి.

మెడకొలత
బాబాయ్ గారు చెప్పిన సెటప్ కుదిరాకే బుషింగ్ సంగతి. మామూలు డైలో మెడ అవసరానికి మించి నలుగుతుంది, ఆ తర్వాత ఎక్స్‌పాండర్ బాల్ (డై లోపలి కడ్డీ మీది గుండు) దాన్ని లాగి వెడల్పు చేస్తుంది. మెడ వంకర పోయేది ఎక్కువగా ఆ లాగుడులోనే. బాల్ వాడితే మెడ లోపల కూడా కాస్త లూబ్ తగలాలి. బుషింగ్‌కైతే బులెట్ కూర్చోబెట్టిన తూటా మెడ కొలిచి 0.002 తగ్గించండి: 0.336 వస్తే 0.334. ఏఆర్‌కి పట్టు ఎక్కువ కావాలి, 0.333 పెట్టండి.

స్మాల్ బేస్ ఇప్పుడే కొనకండి. షోల్డర్ కొలత సరిగ్గా ఉండి కూడా ఏఆర్‌లో కూర్చోకపోతేనే అది. మెషిన్‌గన్‌లో కాలిన మిలిటరీ బ్రాస్‌కి ఎక్కువగా కావాల్సొస్తుంది.

గోదారి308
థాంక్స్ అండీ ఇద్దరికీ. లూబ్ ఏది?

మెడకొలత
లానొలిన్ ఒక పాలు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 12 పాళ్లు. ఆల్కహాల్ పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద నొక్కితే కేస్ డైలో ఇరుక్కుంటుంది. షోల్డర్ మీద ఎక్కువైతే సొట్టలు పడతాయి. ఇరుక్కుంటే ప్రెస్ పిడి మీద బలం చూపించకండి. డీక్యాపింగ్ రాడ్ (ప్రైమర్‌ని తోసే కడ్డీ) పైకి తీసి, కేస్ అడుగున నంబర్ 7 డ్రిల్‌తో తొలిచి, 1/4-20 ట్యాప్‌తో మర వేసి బోల్టుతో లాగాలి. సైజ్ చేశాక లూబ్ తుడిచేయాలి.

బెంచి_బాబాయ్
పొడవు సైజ్ చేశాకే కొలవండి, నొక్కితే కేస్ సాగుతుంది. 2.015 అంగుళాలు దాటితే 2.005కి ట్రిమ్ చేయాలి. ఇంతవరకూ కాల్చిన కేసుల్ని కూడా ఒకసారి చూడండి: పేపర్ క్లిప్ కొస వంచి లోపలి గోడ వెంట అడుగు నుంచి పైకి లాగితే, పలచబడిన చోట గాడి తగులుతుంది. తగిలితే ఆ కేస్ నలగ్గొట్టి పారేయండి.

ఇండియా నుంచి చదివేవాళ్లకి: 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఇక్కడ చెప్పింది అమెరికాలో ఉన్నవాళ్లకే.