పసుపు, నీలం రెండూ ఉన్న సఫైర్: అలాగే సాన పట్టించాలా, కాల్పించాలా?

బ్రిస్బేన్ బావ:
క్వీన్స్‌లాండ్‌లో రూబీవేల్ అని ఒక ఊరు. పేరులో కెంపు ఉన్నా అక్కడ దొరికేది సఫైరే. (ఆ దగ్గర్లోనే ఎమరాల్డ్ అని ఇంకో ఊరు, అక్కడ పచ్చలు దొరకవు!) సొంతంగా తవ్వే ఓపిక లేక, అక్కడ అమ్మే కంకర బకెట్ కొని జల్లెడ పట్టాం. మా ఆవిడ చేతికి కాబూలీ శనగంత రాయి తగిలింది. 7 క్యారెట్లు తూగింది. ఎండకి ఎదురుగా పెడితే ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు, రెండూ కలిసేచోట ఆకుపచ్చ.

హైదరాబాద్‌లో నగల పని చేసే మా మావయ్య “కాల్పించరా, మొత్తం ఒకే రంగుకి వస్తుంది, అప్పుడే ధర” అంటున్నాడు. మా అమ్మ “నీలం శనిది, పసుపు గురువుది, ఇద్దరూ ఒకే ఉంగరంలో ఎందుకురా” అంటోంది. నాకు ఉంగరం అక్కర్లేదు, దాచుకుందామనే. ఏం చేయమంటారు?

పదింతల లూప్:
కాల్పించకండి. మీ మావయ్యగారి మీద గౌరవంతోనే చెప్తున్నా, మామూలుగా కాలిస్తే ఛాయ మారుతుంది గానీ రెండు రంగులూ కలిసి ఒకటైపోవు. సఫైర్ అంటే కొరండం, అల్యూమినియం ఆక్సైడ్. శుద్ధంగా ఉంటే రంగే ఉండదు. అందులో ఇనుము, టైటానియం జంటగా చేరినచోట నీలం వస్తుంది. టైటానియం లేక ఇనుము ఒక్కటే ఉన్నచోట పసుపు. స్ఫటికం పెరుగుతున్నప్పుడు చుట్టూ ఉన్న సరుకు మారితే ఆ మార్పు పొరలుగా లోపలే నిలిచిపోతుంది. మీరు చూసిన ఆకుపచ్చ ఆ రెండు పొరలు ఒకదాని మీద ఒకటి కనబడటం వల్లే. సేకరించేవాళ్లు డబ్బు పెట్టేది రెండు రంగుల మధ్య ఉండే ఆ గీతకే. పైగా ఒకసారి కాల్చాక “వేడి తగలని రాయి” అన్న మాట సర్టిఫికెట్ మీద ఇక రాదు.

అసలు జాగ్రత్త సాన దగ్గర. శ్రీలంకలో రత్నపుర పాతకాలపు పనివాళ్లకి ఒక నేర్పు ఉంది. రాయిలో నీలం ఒక్క మూలే ఉంటే ఆ మూలని అడుగుకి తెచ్చి సాన పడతారు, పైనుంచి చూస్తే రాయంతా నీలంగా మెరుస్తుంది. మీకు కావలసింది దానికి సరిగ్గా ఎదురు. గీత పై ముఖాన్ని అడ్డంగా కోస్తూ, కింది దాకా నిలువుగా దిగాలి. పొడుగ్గా, మెట్లు మెట్లుగా ఉండే ఎమరాల్డ్ కట్ దీనికి బాగుంటుంది. చిన్న చిన్న ముఖాలెన్నో ఉండే గుండ్రటి బ్రిలియంట్ కట్‌లో రంగులు ముక్కలు ముక్కలుగా కలిసిపోతాయి. ఆస్ట్రేలియాలో “పార్టీ సఫైర్” పేరుతో ఆ కలగాపులగాన్ని ఇష్టపడేవాళ్లున్నారు, నాకు మాత్రం నచ్చదు. 7 క్యారెట్ల ముడిరాయి నుంచి 2 క్యారెట్లు నిలిస్తే సంతోషించండి. బరువు కోసం కక్కుర్తి పడి గీతని వంకర చేయించొద్దు.

గుంటూరు గోమేధికం:
బావగారూ, అమ్మగారికి ఒక మాట చెప్పండి. ఉత్తరాదిలో దీన్ని పీతాంబరి నీలం అంటారు. శని, గురువు ఇద్దరూ ఒకే రాయిలో ఉన్నారని వెతికి మరీ కొంటారు. నాకు జాతకాల మీద నమ్మకం లేదు, అమ్మేవాళ్ల మీద అసలు లేదు. అమ్మకానికి వచ్చే పీతాంబరుల్లో రెండు ముక్కలు అతికించినవి ఎన్నో! కొనేవాళ్లం ఎలా పట్టుకోవాలి, లూప్ గారూ?

పదింతల లూప్:
తెల్ల కప్పులో నీళ్లు పోసి రాయిని బోర్లా వేయండి. సహజమైన రంగు పట్టీలు తిన్నగా ఉంటాయి, మలుపు తిరిగినా 120 డిగ్రీల కోణంలో విరుగుతాయి. వంపు తిరిగిన గీతలు కనిపిస్తే అది 1902లో ఫ్రెంచి రసాయనవేత్త వెర్నాయి బయటపెట్టిన పద్ధతిలో మంటలో కరిగించి పెంచిన రాయి. అతుకు రాయైతే నడుము దగ్గర పక్కనుంచి చూడండి, జిగురు పొరలో బుడగలన్నీ ఒకే మట్టంలో ఉంటాయి.

ఇంకో తికమక. నీలాన్ని తిప్పి చూస్తే ఒక దిక్కున ఆకుపచ్చ ఛాయ కనిపించడం మామూలే. అది రెండు రంగుల రాయి కాదు. మీ రాయిని ఎటు తిప్పినా పసుపు తన చోటే ఉంటే అది నిజంగా రెండు రంగుల రాయే. 2001 తర్వాత బజారుకి వచ్చిన బెరీలియం ట్రీట్‌మెంట్‌ని (బెరీలియంతో కలిపి కాల్చి రంగు మార్చడం) మాత్రం లూప్‌తో, అంటే చేతి భూతద్దంతో తేల్చలేం. పెద్ద డబ్బు పెట్టేముందు జైపూర్‌లోని IIGJ-RLC (పాత పేరు జెమ్ టెస్టింగ్ ల్యాబొరేటరీ) లాంటిచోట రిపోర్ట్ తీసుకోండి.

బ్రిస్బేన్ బావ:
చాలా థ్యాంక్స్ అండీ. పసుపు పక్కన వెంట్రుకలాంటి పగులు ఒకటి కనిపిస్తోంది, అదే టెన్షన్. అక్కడ కోసేస్తే పసుపు తగ్గిపోతుంది కదా?

పదింతల లూప్:
ఫోన్ టార్చ్ రాయి వెనక పెట్టి ఫొటో తీసి పంపండి. పగులు పైదాకా వచ్చిందా, లోపలే ఆగిందా చూద్దాం. పైకి వచ్చి ఉంటే ఆ ముక్క పోవాల్సిందే, సాన మీద అక్కడే విరుగుతుంది. అప్పుడు సగం సగం కాకుండా మూడో వంతు పసుపు మిగిలినా ఫర్వాలేదు. లోపలే ఆగి ఉంటే ముట్టుకోవద్దని సాన పట్టేవాడికి ముందే చెప్పండి.