పాత పెంకుటింట్లో దెయ్యం ఉందో లేదో రాత్రి చెక్ చెయ్యాలి, కే2 మీటర్ కొనాలా ఇంకేమన్నా కొనాలా?

కావలి_కుర్రోడు:
అన్నలకి నమస్తే. ఉదయగిరి దగ్గర మా తాత కట్టిన పెంకుటిల్లు ఉంది, ఆయన పోయాక ఆరేళ్ళుగా తాళమే. పోయిన నెల మా చిన్నాయన ఆడ ఒక రాత్రి పడుకుంటే అటక మీద ఎవరో నడిచి, ఆగి, మళ్ళీ నడిచినట్టు వినిపించిందంట, అప్పట్నుంచి మా నాయనమ్మ తాతే తిరగతన్నాడని ఒకటే ఏడుపు. నిజమేందో తేల్చాలని ముగ్గురం పోతన్నాం. బడ్జెట్ 8000. దెయ్యాల వీడియోల్లో కే2 మీటర్, స్పిరిట్ బాక్స్, లేజర్ థర్మామీటర్ చూపిస్తన్నారు, ముందు ఏది కొనాలి?

ఒంగోలు_వైరింగ్:
తమ్ముడూ, కే2 పట్టుకునేది కరెంటు వైర్ల చుట్టూ ఉండే అయస్కాంత ఫీల్డుని. 50 హెర్ట్జ్ సప్లై పోయే పాత వైరింగ్ గోడలో ఉంటే చాలు, లైట్లు వెలగతాయి, పక్కనోడి సెల్ మోగినా వెలగతాయి. పైగా అది ఒకే దిక్కున కొలిచేది, చేతిలో కొంచెం తిప్పినా రీడింగ్ మారిపోద్ది. కొనాలంటే మూడు దిక్కులూ కొలిచి అంకె చూపించేది చూసుకో. మెయిన్ వేసి ఒకసారి, దించి ఒకసారి ఇల్లంతా తిరిగి గది గదికీ రాసుకోవాల, అది లేకుండా రాత్రి లైటు వెలిగింది అంటే దానికి అర్థం లేదు. నేను వైరింగ్ చేసేవాడిని, గోడ తాకితే జిల్లుమంటాంది దెయ్యం ఉందని పిలిస్తే పోయి చూశా, తడి గోడలో లీకేజీ, ఎర్తింగే లేదు. పిల్లలున్న ఇల్లది, తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

నెల్లూరు_రికార్డర్:
మీ చిన్నాయనకి వినిపించింది చప్పుడు కదా, మరి ముందు వాయిస్ రికార్డర్ కొను, వీలైతే రెండు, ఒకటి అటక మీద ఒకటి కింద. సెల్‌ఫోన్ అయితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. మీరు దగ్గినా కుర్చీ జరిపినా అప్పుడే నోటితో చెప్పండి, "ఇది నేనే" అని, లేకపోతే తెల్లారి మీ దగ్గే మీకు మూలుగులాగా వినిపిస్తది, నాకు అట్టా జరిగింది. స్పిరిట్ బాక్స్ వద్దే వద్దు, అది ఎఫ్ఎం స్టేషన్లని గబగబా తిప్పే రేడియో, ముక్కలు ముక్కలుగా మాటలొస్తాయి, మన మనసు వాటిని పేర్లుగా అతికిస్తది. నాకైతే తమిళం ముక్కలు కూడా వచ్చాయి. లేజర్ థర్మామీటర్ చుక్క పడిన గోడ వేడి చెప్తది గానీ గదిలో గాలి చల్లబడిందా లేదా చెప్పదు, దానికి గది వేడి చూపించే మామూలు థర్మామీటరే మేలు. నైట్ విజన్ కెమెరాలో తెల్ల ఉండలు తేలితే అవి లెన్స్ ముందు దుమ్ము, పురుగులు. మిగిలిన డబ్బుతో కిలో ముగ్గుపిండి కొని అటక మీద పల్చగా జల్లు.

ఉదయగిరి_కోడలు:
నాయనా, అటక మీద నడిచి ఆగేది మానుపిల్లి అయ్యుండొచ్చు, మా ఇంట్లో తాటిపండ్ల కాలంలో రాత్రంతా అదే గోల. ముగ్గుపిండిలో అడుగులు పడితే తెలిసిపోద్ది. దానికంటే ముందు మంచి టార్చి, మోకాళ్ళ దాకా బూట్లు కొనుక్కోండి, మూతేసిన ఇంట్లో రక్తపింజర ఉండొచ్చు. జనరేటర్ లోపల పెట్టబాకండి, ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన కూడా ఉండదు. 1921లో అమెరికాలో ఒక కంటి డాక్టరు రాసిన కేసు ఉంది, ఇంట్లో అడుగుల చప్పుళ్ళు, ఆకారాలు అని ఒక కుటుంబం వణికిపోతే చివరికి ఇల్లు వెచ్చబెట్టే కొలిమి పాడై వదిలిన ఆ వాయువే కారణమని తేలింది. పక్కింటోళ్ళకి చెప్పి పోండి, దొంగలనుకుంటారు.

కావలి_కుర్రోడు:
కే2 మానేశా. రికార్డర్లు రెండు, టార్చి, బూట్లు కొన్నా, నిన్న పగలు పోయి ముగ్గుపిండి జల్లొచ్చాం. నాయనమ్మ తనూ వస్తానంటాంది, తీసకపోవచ్చా అన్నా?

ఒంగోలు_వైరింగ్:
పగలు తీసకపో, రాత్రికి ఉంచబాక. రికార్డింగ్ మాత్రం ఏమీ కత్తిరించకుండా ముందు ఆమెకే వినిపించు, మీ తాత ఎట్టా నడిచేవాడో ఆమెకి తెలుసు కదా.