బడి పక్క కొట్లో చిప్స్ ప్యాకెట్లు ఆపించాలా, వద్దా?

పల్నాడు పంతులు:
మా ఊరి ప్రాథమిక పాఠశాల గేటుకు పది అంగల్లో కొట్టు ఉంది. పొద్దున బెల్లు కొట్టేలోపు పిల్లల చేతుల్లో ఐదు రూపాయల ప్యాకెట్లు. మధ్యాహ్నం గుడ్డు పెడితే పచ్చసొన పక్కన పారేస్తారు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి గేటుకు 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే నిబంధన పెట్టింది. గ్రామసభలో తీర్మానం చేయిద్దామంటే ఊరి పెద్దలు "పాపం చిన్న కొట్టు, వదిలేయండి మాస్టారూ" అంటున్నారు. మీరేమంటారు?

కొట్టుమనిషి:
మాస్టారూ, అలాంటి కొట్టే నాదీ. మా వీధి మొత్తం కొలిస్తే 50 మీటర్లు ఉంటుందేమో. నేను మానేస్తే ఆ చివర ఇంకొకడు పెడతాడు. బడికి 100 గజాల లోపు బీడీలు, సిగరెట్లు అమ్మకూడదని 2003 నుంచీ చట్టం ఉంది కదా, మీ ఊళ్లో అదెలా నడుస్తోందో ముందు చూడండి. పల్లీ ఉండలు పెట్టి చూశాను. వానాకాలం మెత్తబడి, చీమలు పట్టి పారబోసుకున్నా. ప్యాకెట్టయితే నెలలు ఉంటుంది.

మిరపతోట:
ఇద్దరూ కొట్టు దగ్గరే ఆగిపోయారు. ఆ ఐదు రూపాయలు ఇచ్చిందెవరు? నేనే. మిరపకాయ కోతలప్పుడు ఆరింటికల్లా ఆటో వస్తుంది. ఆలోపు క్యారేజీ కట్టుకోవాలి, నీళ్లు పట్టుకోవాలి. పిల్లాడు లేవడు. దిండు కింద డబ్బులు పెట్టి పోతా. మీరు చిరుతిండి అంటున్నది వాడి పొద్దుటి అన్నం. కొట్టు మూయిస్తే వాడు చద్దన్నం కలుపుకొని తింటాడా? ఖాళీ కడుపుతో వచ్చి మీ ముందు కూర్చుంటాడు.

పల్నాడు పంతులు:
ఇది నాకు తట్టలేదమ్మా. మా బడిలో రాగిజావ మంగళ, గురు, శనివారాలే, మిగతా మూడు రోజులూ చిక్కీ. జావ రోజున గేటు దగ్గర ప్యాకెట్ల చెత్త తక్కువని మా ఆయమ్మ ఒకసారి అంది. నేనే పట్టించుకోలేదు.

వరంగల్ బిడ్డ:
తమిళనాడుల 2022 సెప్టెంబరు సంది బడి మొదలుగాకముందే ఉప్మా, పొంగల్ పెడుతున్నరు. మా తాన 2023 అక్టోబరుల టిఫిన్ మొదలువెట్టిన్రు గనీ మా ఊరి బడి దాకా రాలే. కొట్టోనితోటి కొట్లాడుడు అల్క, సర్కారును అడుగుడే కష్టం.

ఏఎన్ఎమ్ అక్క:
అయినా నేను మాస్టారి వైపే. ఆకలి ఒక్కటే కారణమంటే ఒప్పుకోను. ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర నమిలించడానికి వెళ్లినప్పుడు "పొద్దున ఏం తిన్నావురా" అని అడుగుతుంటా. ఇడ్లీ అన్నవాడి జేబులోనూ ప్యాకెట్టే! రెండేళ్లు నిండని పిల్లలకు ఏడుపు ఆపడానికి ప్యాకెట్ చింపి ఇస్తున్నారు, అదీ నానమ్మ ఇంటిపట్టునే ఉండే ఇళ్లల్లో. ఆ ఉప్పు, ఆ మసాలా మరిగాక పప్పన్నం చప్పగానే ఉంటుంది. మిరపతోట గారూ, మీ పిల్లాడి సంగతి వేరు, నిజమే. కానీ మీ కష్టాన్ని అడ్డం పెట్టుకొని మిగతా ఊరంతా తప్పించుకుంటోంది.

మిరపతోట:
తప్పించుకోమని నేను అనలేదక్కా. ముందు కడుపులో ఏదైనా వేసి తర్వాత ప్యాకెట్ లాక్కోమంటున్నా.

కొట్టుమనిషి:
బెల్లు కొట్టేదాకా ప్యాకెట్లు లోపల పెట్టమంటే పెడతా. కానీ పక్క కొట్టువాడూ పెట్టాలి, నా ఒక్కడితోనే అయితే కుదరదు. పిల్లాడొచ్చి ఆకలేస్తోందంటే మాత్రం బిస్కెట్ ఇస్తా, అది రాసుకోండి.

పల్నాడు పంతులు:
సరే. తీర్మానంలో రెండూ రాయిస్తా: పొద్దున ప్యాకెట్లు వద్దని, ఆరు రోజులూ జావ కావాలని. రెండోది పంచాయతీ చేతిలో లేదు, అయినా కాగితం పైకి వెళ్తుంది.

మిరపతోట:
గ్రామసభ ఏ రోజు పెడుతున్నారు మాస్టారూ? పోయినసారి పని రోజు పదకొండింటికి పెట్టారు. మేమంతా చేలో ఉన్నాం.