కార్డు బాకీ ఉండగా చేతిలో డబ్బు దాచుకోవడం తప్పా?

నీలికలువ:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో కొన్నాళ్లుగా తేలని వాదన ఇది. మా ఆయనకి బోనస్ వచ్చింది. ఇంటి ఖర్చులకి మూడు నెలలు సరిపోతుంది. క్రెడిట్ కార్డు బాకీ కూడా సరిగ్గా అంతే ఉంది, వడ్డీ నెలకి 3 శాతం. ఇది తప్ప వేరే పొదుపు లేదు. మొత్తం కార్డుకి కట్టేద్దామని ఆయన అంటున్నారు. చేతిలో ఏమీ లేకుండా ఉండాలంటే నాకు భయం. బాకీ ఎలాగూ నెలనెలా కడుతున్నాం, ఈ డబ్బు ముట్టుకోవద్దని నా మాట. మీరేమంటారు?

వడ్డీలెక్క:
మీ ఆయన మాటే సరైనదండీ. నెలకి 3 శాతం వినడానికి చిన్నదే. వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. పైసా కట్టకుండా వదిలేస్తే రెండేళ్లకి బాకీ రెట్టింపు. పొదుపు ఖాతాలో దాచి, ఇక్కడ ఆ వడ్డీ కట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే.

"నెలనెలా కడుతున్నాం" అన్నారు. ఎంత? మినిమమ్ డ్యూ (ఈ నెల కనీసం ఇంతైనా కట్టాలని బిల్లులో ఉండే మొత్తం) మాత్రమే అయితే ఒక్కసారి ఇది చూడండి. బాకీ 100 అనుకుందాం, మినిమమ్ ఆ నెల బాకీలో 5 శాతం. కార్డు కొత్తగా ఒక్కసారి కూడా గీకకుండా ఏడాదంతా కట్టుకుంటూ పోతే మీ చేతి నుంచి 55 పోతుంది. ఏడాది చివర ఇంకా 77 బాకీ మిగిలే ఉంటుంది. కట్టిన 55లో 32 వడ్డీకే సరి. చాలా ఇళ్లలో జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే: మినిమమ్ కట్టాం కాబట్టి బిల్లు కట్టేశాం అనుకోవడం.

నీలికలువ:
మినిమమ్ కాదండీ, దానికి రెట్టింపు. మీ లెక్కలో చెప్పాలంటే నెలకి 10. కార్డు వాడకం కూడా ఆపేశాం.

చేతిసొమ్ము:
నేను ఒప్పుకోను. బాకీ మొత్తం కట్టేసిన మరుసటి నెలే ఉద్యోగం పోతే ఏం చేస్తారు? మళ్లీ కార్డు ఉందిగా అంటారు. కార్డు పరిమితి మన సొమ్ము కాదు, బ్యాంకు ఇస్తేనే ఉంటుంది. 2008 సంక్షోభం తర్వాత, మళ్లీ 2020లో, అమెరికాలో బ్యాంకులు ఎంతోమంది కార్డు పరిమితులు తగ్గించేశాయి. ఉద్యోగాలు పోయింది కూడా సరిగ్గా అప్పుడే. అవసరం వచ్చిన రోజునే చెయ్యిచ్చే దాన్ని నమ్ముకుని ఉన్నదంతా ఊడ్చి కట్టమని ఎలా చెప్తారు?

ఇంకొకటి. డేవిడ్ గ్రాస్, నికొలస్ సౌలెలెస్ అనే ఆర్థికవేత్తలు 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. కార్డు బాకీ మోస్తూనే బ్యాంకులో డబ్బు ఉంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారని అందులో తేలింది. ఇదేం వింత అని ఆ రంగంలో చాలాకాలం తల పట్టుకున్నారు. 2013లో ఇరీనా తెల్యుకోవా దానికి ఒక జవాబు చెప్పారు: అద్దె లాంటివి కార్డుతో కట్టడం కుదరదు, ఆ ఖర్చుల కోసమే చాలామంది నగదు దగ్గర ఉంచుకుంటారు. అంటే నీలికలువ గారి భయానికి గట్టి ఆధారమే ఉంది. దాన్ని తెలియనితనం కింద కొట్టిపారేయకండి.

వడ్డీలెక్క:
ఆ పరిశోధన మాట నిజమే, కాదనను. కానీ భయానికి ఎంత వెల కడుతున్నామో కూడా చూడాలి కదా. నీలికలువ గారి అంకెలతోనే మూడు దారులూ లెక్కేశాను. బాకీ 100, బోనస్ 100, నెలకి కట్టేది 10.

బోనస్ ముట్టుకోకుండా నెలకి 10 కడుతూ పోతే బాకీ తీరడానికి 13 నెలలు. వడ్డీ దాదాపు 21.

ఒక నెల ఖర్చు, అంటే 33, దగ్గర ఉంచుకుని 67 ఇప్పుడే కట్టేస్తే మిగిలిన 33 బాకీ నాలుగో నెలలో తీరిపోతుంది. వడ్డీ మొత్తం 2.3.

అంతా కట్టేస్తే వడ్డీ సున్నా. ఆ 10ని నెలనెలా దాచుకుంటే నాలుగు నెలలకి 40 చేతిలో ఉంటుంది.

అంటే మూడు నెలల ఖర్చూ దాచుకోవడం ఎలా చూసినా దండగ. మిగతా రెండింటి మధ్య తేడా నాలుగు నెలల ధైర్యం, 2.3 వడ్డీ. నేనైతే మూడో దారిలోనే వెళ్తాను. మధ్య దారిలో వెళ్లేవాళ్లని తప్పుపట్టను.

చేతిసొమ్ము:
ఈ లెక్క బాగుంది. మూడు నెలలూ దాచమని నేను ఇక పట్టుబట్టను. కానీ ఆ ఒక్క నెల ఖర్చు మాత్రం వదలొద్దండీ. 2.3 ఇచ్చి నాలుగు నెలలు నిశ్చింతగా నిద్రపోవచ్చంటే అది చవకే.

పాతగుమాస్తా:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. అప్పు ఏ రకం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. కార్డుకి కట్టిన డబ్బు, బ్యాంకు కోత పెట్టకపోతే, పరిమితిగా వెనక్కి వస్తుంది. ఈఎంఐ అప్పుకి ముందస్తుగా కట్టింది సాధారణంగా మళ్లీ చేతికి రాదు, కావాలంటే కొత్త అప్పుకి దరఖాస్తు చేసుకోవాల్సిందే. ఈఎంఐ అప్పు వడ్డీ కూడా మామూలుగా కార్డు కంటే తక్కువే. అందుకని అక్కడ చేతిలో ఎక్కువ ఉంచుకోమంటాను, కార్డు దగ్గర తక్కువ ఉంచుకోమంటాను.

కార్డు ఉందిగా అని ధీమాగా ఉండేవాళ్లు ఇంకొకటి గమనించాలి. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, పైన రుసుము వేరే. కాబట్టి కార్డుతో కట్టలేని ఖర్చులు నెలకి ఎంతో రాసుకోండి. చేతిలో ఉంచుకోవాల్సింది కనీసం అంత.

నీలికలువ:
రాసి చూశాం. అద్దె, ఇంట్లో పనిచేసే ఆవిడ జీతం, ఇంకో రెండు చిన్నవి. అన్నీ కలిపితే నెల ఖర్చులో సగం లోపే. వచ్చే నెల ఆరోగ్య బీమా ప్రీమియం కూడా కట్టాలి. ఆ రెండూ ఉంచుకుని మిగతాది కట్టేద్దామంటే మా ఆయన ఒప్పుకున్నారు. గడువు తేదీ దాకా ఆగాలా?

వడ్డీలెక్క:
ఆగొద్దు, ఈ రోజే కట్టండి. మోస్తున్న బాకీ మీద వడ్డీ రోజువారీగా పడుతుంది, గడువు తేదీకి ముందు కట్టిన ప్రతి రోజూ మీకు మిగులే. చివరి వాయిదా కట్టేటప్పుడు మాత్రం బిల్లులో ఉన్న అంకె చూసి కట్టేయకండి. బిల్లు తేదీ తర్వాత పడిన వడ్డీ అందులో ఉండదు, వచ్చే బిల్లులో చిన్న మొత్తంగా మళ్లీ కనిపిస్తుంది. అది చూసుకోక వదిలేస్తే ఆలస్య రుసుము పడుతుంది. బ్యాంకుకి ఫోన్ చేసి, ఈ రోజుకి పూర్తిగా తీరాలంటే ఎంత కట్టాలో అడిగి అంతా కట్టండి. ఆ తర్వాత వచ్చే బిల్లు కూడా ఒకసారి తెరిచి చూడండి.